రెండో సాక్షి సంతకం

పొద్దున లా కాలేజీ, సాయంత్రం యూనివర్సిటీలో రష్యన్ డిప్లొమా. అశోక్‌నగర్ హాస్టల్లో నా రూమ్మేట్లంతా గ్రూప్స్‌కు చదివేవాళ్లే. "ఏందక్కా, రష్యాల నోటిఫికేషన్ గిట్ల పడ్డదా?" అని ఏడిపించేవాళ్లు. ఆ భాష పలకడం నాకిష్టం, అంతే. కారణం చెప్పమంటే నాకు ఒళ్లు మండేది.

రష్యన్ చెప్పి రిటైరైన సారొకాయన నారాయణగూడలో కిరాయి ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. ప్రతి ఆదివారం చిక్కడపల్లి మీదుగా నడిచి ఆయన దగ్గరికి వెళ్లేదాన్ని. ముప్పై ఏళ్లుగా ఆయన రష్యన్-తెలుగు నిఘంటువు రాస్తున్నారు. పదకొండు లాంగ్ నోట్‌బుక్కులు, అన్నీ చేతిరాతే. అర్థాలు పుస్తకాల తెలుగులో కాదు, ఆ గల్లీలో మాట్లాడే తెలుగులో.

ఒక ఆదివారం వాటన్నిటినీ సంచిలో పెట్టి నా చేతికిచ్చారు.

"తీస్కపో బిడ్డా. నా తర్వాత వీటిని చూసేటోళ్లు లేరు."

తీసుకుని రావాల్సింది. కానీ నేను లా చదువుతున్నానే! "అట్ల కాదు సార్, రేపు మీవాళ్లు అడిగితే? వీలునామా రాద్దాం. ఇద్దరు సాక్షులుండాలె."

ఆయన నవ్వారు. "నోట్‌బుక్కులకు వీలునామానా? జర ఎక్కువైతలేదా?"

"చట్టం చట్టమే సార్" అన్నాను, పెద్ద వకీలులాగా. ఇప్పుడా మాట గుర్తొస్తే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

నేనే రాశాను. సార్ సంతకం చేశారు, పై పోర్షన్ అంకుల్ సాక్షి సంతకం పెట్టారు. రెండో సాక్షిగా అనుకున్న ఎదురింటాయన పెళ్లికని ఊరెళ్లారు. పుస్తకాలు నాకే వస్తాయి కనుక నేను సాక్షిగా ఉండకూడదని నాకు పెద్ద పట్టింపు. వచ్చే ఆదివారం పూర్తి చేద్దామని, సంచిని నా చేతులతోనే తిరిగి బీరువాలో పెట్టేశాను.

ఇంతలో పరీక్షలు మొదలయ్యాయి. రాలేనని ఫోన్ చేస్తే, "మంచిగ రాయి బిడ్డా, నోట్‌బుక్కులు యాడికి పోతయ్" అన్నారు సార్. ఆ తర్వాతి ఆదివారం నేను ఫోన్ కూడా చెయ్యలేదు.

మూడో ఆదివారం వెళ్లేసరికి ఇల్లు ఖాళీ అవుతోంది. సార్ తమ్ముడి కొడుకు రాంనగర్ నుంచి వచ్చి సామాన్లు బయట పెడుతున్నాడు.

"పెదనాయన పోయి పది రోజులైతుందక్కా. నిద్రలనే పోయిండు."

 బీరువాలోని నోట్‌బుక్కులేమయ్యాయని అడిగాను.

"ఆ బుక్కులా? మొన్ననే పాత పేపర్ల బండికి ఏసినం. ఒక్క మాట అడిగుంటే ఇయ్యకపోదుమా? మాకేం పని వాటితోని?"

అతను చెడ్డవాడు కాదు. నాకు మంచినీళ్లు కూడా తెచ్చిచ్చాడు. రెండు రోజులు రాంనగర్, బర్కత్‌పురల్లో పాత కాగితాల దుకాణాలన్నీ తిరిగాను. సరుకంతా మిల్లుకు వెళ్లిపోయిందన్నారు. చివరి దుకాణం ముందు నిలబడి, సిగ్గు లేకుండా వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ గురువారం ఆస్తి చట్టం పరీక్ష. చరాస్తి దానం ఎలా పూర్తవుతుందో ఉదాహరణతో రాయమన్నారు. కాగితం అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు. ఇచ్చేవారు చేతికిస్తే, పుచ్చుకునేవారు తీసుకుంటే చాలు. సార్ సంచి ఇచ్చిన రోజుకే ఆ పాఠం నేను చదివేశాను. తెలిసి కూడా పెద్దరికం చూపించుకున్నాను.

ఉదాహరణ దగ్గర పెన్ను ఆగిపోయింది. ఇన్విజిలేటర్ వచ్చి ఒంట్లో బాలేదా అని అడిగింది. తల అడ్డంగా ఊపి, రాశాను: ఒక గురువు తన పదకొండు నోట్‌బుక్కులను విద్యార్థిని చేతికిచ్చాడు. ఆమె తీసుకుంది.