పాపయ్యమ్మ సోమవారాలు

1944. యుద్ధం ఇంకా సాగుతోంది. బస్సులు బొగ్గు పొగతో నడిచేవి, కిరసనాయిలు కొలిచి పోసేవారు. మందుల సంగతి చెప్పనే అక్కర్లేదు. మద్రాసులో ఎల్.ఎం.పి. అనే లైసెన్సు చదువు పూర్తిచేసి వచ్చి, శ్రీకాకుళంలో నాగావళికి దగ్గరగా ఓ పెంకుటింట్లో బోర్డు పెట్టాను. ముందుగది నా డిస్పెన్సరీ, వెనకగది మా అమ్మ వంటిల్లు. ఆడ డాక్టరంటే పురుళ్లు పొయ్యడానికే అని ఊరంతా అనుకునేది. నేనలా అనుకోలేదు కాబట్టి నాకు తగాదాలెక్కువ.

ఆ వానాకాలంలో ఒక రోజు మధ్యాహ్నం, రోగులందరూ వెళ్లిపోయే వేళకి ఒక యాభై ఏళ్లావిడ లోపలికి వచ్చింది. మంచి చీర, ముక్కుకి బేసరి, ఎడమకాలి బొటనవేలికి గుడ్డ చుట్ట. కూర్చోమంటే కూర్చోలేదు.

"డాట్రమ్మా, నాకు జబ్బుందో నేదో మీరొక్కలు సెప్పండి. ఉందంటే ఉందనండి. నేదంటే నా ఏలెందుకు కొయ్యాలో సెప్పండి."

ఆవిడ పేరు పాపయ్యమ్మ. నరసన్నపేట దాటాక లోపలికి ఒక పల్లె. భర్త గున్నయ్య షావుకారికి అక్కడ కిరాణా కొట్టు. కొట్లో తక్కెడ దగ్గర కూర్చునేది ఈవిడే. నెల కిందట తూకపు గుండు జారి వేలిమీద పడింది. గోరు చితికినా ఆవిడకి నొప్పి తెలియలేదట. చీర అంచుకి రక్తం అంటితే కోడలు చూసి చెప్పిందట. నెల దాటినా పుండు మానలేదు.

అసలు కథ అంతకు ఏడాది ముందే మొదలైంది. పెళ్లికని శ్రీకాకుళం వచ్చి, భోజనాలయ్యాక కళ్లు తిరిగి పడిపోతే బంధువులు ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఏ ఆసుపత్రి అన్నది ఇప్పుడెందుకు? అక్కడ మూత్రం చూసి చక్కెర జబ్బు అన్నారు. అన్నం మానెయ్యి, కోడిగుడ్లూ మాంసం రసమూ తీసుకో అన్నారు. పుట్టి బుద్ధెరిగాక నీచు ముట్టని కోమటి ఇల్లాలికి చెప్పిన పథ్యం అది. ఏం తినాలో తెలీక ఆవిడ మజ్జిగ తాగి, తోటకూర తిని ఒక నెల ఈడ్చింది. మళ్లీ వెళితే చక్కెర లేదన్నారు. తగ్గిపోయింది, ఎప్పట్లా తినమన్నారు. తింది. మళ్లీ దాహం, మళ్లీ నీరసం, అరికాళ్లలో తిమ్మిరి. వెళ్లింది. లేదన్నారు. ఎన్నిసార్లు వెళ్లినా లేదనే మాటే. చివరికి ఒక చిన్న డాక్టరు గారు నవ్వి, "ఇది ఒంటి జబ్బు కాదమ్మా, ఊహ" అన్నారట. ఇప్పుడు అదే ఆసుపత్రిలో వేరే డాక్టరు, పుండు మానే దారి లేదు, వచ్చేవారం వేలు తీసెయ్యాలి అన్నాడు.

"ఒకలు జబ్బు నేదంటారు, ఒకలు ఏలు కొయ్యాలంటారు. ఇంట్లో ఈయనేమో 'డాట్రుబాబులే నేదంటంటే నీకేటే ఈ గోల' అంతాడు. నాను అబద్ధాలకోరునా అమ్మా? నాను నీళ్లకెళ్లిన సోట సీమలు బారులు కట్టెస్తన్నాయి. ఆ సీమలకి కూడా ఊహేనేటి?"

ఆ మాటకి నాకు నవ్వు రావాలి. రాలేదు. మూత్రానికి చీమలు పడుతున్నాయని ఆసుపత్రిలో చెబితే అక్కడందరూ నవ్వారట. అందుకే నాకు ఒళ్లు మండింది.

గుడ్డ విప్పి చూశాను. వేలు వాచింది, చీము పట్టింది, కానీ నల్లబడలేదు. పాదం మీద నాడి చక్కగా కొట్టుకుంటోంది. రక్తం అందుతున్న కాలు అది. ఒంట్లో చక్కెర అదుపులోకి వస్తే ఈ వేలు దక్కుతుంది. ఉన్న చక్కెరని లేదనుకుని కోస్తే ఆ కోత కూడా మానదు, వేలితో మొదలైనది మోకాలి దాకా పోతుంది. నాకు కావలసిందల్లా ఒక్కటే, చక్కెర ఉందని రుజువు.

ఆ రోజుల్లో మాకు రక్తం పరీక్షలు అందుబాటులో లేవు. బెనెడిక్ట్ టెస్ట్ అని ఒకటుండేది. నీలం రంగు ద్రావకంలో నాలుగు చుక్కల మూత్రం వేసి స్పిరిట్ ల్యాంప్ మీద మరిగిస్తాం. చక్కెర ఉంటే నీలం పోయి ఆకుపచ్చ, ఇంకా ఎక్కువుంటే పసుపు, మరీ ఎక్కువైతే ఇటుక రంగు. టెస్ట్ ట్యూబ్ పట్టుకుని మరిగించాను. నీలం నీలంగానే ఉంది.

పాపయ్యమ్మ నా మొహం చూసి అర్థం చేసుకుంది. "మీరూ అంతేనా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. గుడ్డ మళ్లీ చుట్టుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడే మా అమ్మ వంటింట్లోంచి దిబ్బరొట్టె ముక్క పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. రోగులకి తిండి పెట్టొద్దని నేనూ, ఇంటికొచ్చినవాళ్లు రోగులైతే ఏం, మనుషులు కారా అని ఆవిడా రోజూ దెబ్బలాడుకునేవాళ్లం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనడంలో ఇద్దరం ఇద్దరమే.

"పొద్దున్న బయల్దేరినట్టున్నావు, మొహం పీక్కుపోయింది. భోజనమైందా? లేకపోతే కాస్త తిను తల్లీ" అంది అమ్మ.

"వద్దమ్మా. సోమారం గదా. సుక్క పొడిసీదాకా పచ్చి నీళ్లే."

శ్రీముఖలింగం స్వామికి మొక్కట. పెళ్లయిన నాటినుంచీ ప్రతి సోమవారం ఉపవాసం. ఆదివారం రాత్రి కూడా అన్నం ముట్టదు, రెండు అరటిపళ్లతో సరి. నా చేతిలో టెస్ట్ ట్యూబ్ ఇంకా వెచ్చగానే ఉంది.

"పాపయ్యమ్మ గారూ, పెద్దాసుపత్రికి ఎప్పుడు వెళ్లినా సోమవారమేనా?"

"మరి? ఈయన సరుక్కొచ్చీది సోమారమే. ఆడకూతుర్ని, ఒంటిగా బస్సెక్కుతానేటి?"

"మొదటిసారి, పెళ్లిలో పడిపోయిన రోజు?"

"అది బుధారం. బూరెలూ పులిహోరా తిన్నాక పడిపోనాను."

అదీ సంగతి. ఈ రకం చక్కెర జబ్బులో, ముఖ్యంగా మధ్యవయసులో ఒళ్లు చేసినవాళ్లకి వచ్చేదాంట్లో, కడుపు ఖాళీగా ఉంటే మూత్రంలో చక్కెర కనబడకపోవచ్చు. తిన్నాకే బయటపడుతుంది. నాకు కోపమూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. మన వైపు గుమ్మంలోకి ఎవరొచ్చినా మొదట అడిగే మాట "బోయినాలైనాయా?" అని. అంతమంది డాక్టర్లలో, కాంపౌండర్లలో ఆ ఒక్క మాట ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. అడిగినావిడ మా అమ్మ, అదీ మర్యాదకి.

"ఈ రాత్రికి ఇక్కడే ఉండండి. రేపు మా ఇంట్లో భోజనం. మీరు ఇంటిదగ్గర ఎలా తింటారో అలాగే తినాలి, మొహమాటపడితే ఒప్పుకోను" అన్నాను.

సాయంత్రం గున్నయ్య షావుకారు సరుకు బస్తాలు బస్సు దగ్గర దింపించి వచ్చాడు. సంగతి విని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఉండిపోతే కొట్లో ఎవులు కూకుంతారు? ఇంతమంది నేదన్నాక ఇంకేటి సూస్తారమ్మా? పదవే, బస్సెల్లిపోతాది."

"నాను రాను. నువ్వెల్లు" అంది పాపయ్యమ్మ.

ఆయన నోరు తెరిచే లోపల నేను కల్పించుకున్నాను. "షావుకారు గారూ, ఒక్క రోజు. రేపు చక్కెర లేదని తేలితే ఆవిణ్ణి నేనే బస్సెక్కించి పంపిస్తాను, ఇంకెప్పుడూ జబ్బు మాట ఎత్తనివ్వను. ఉందని తేలితే మాత్రం వేలు కోయించడానికి వీల్లేదు, నేను చెప్పినట్టు వినాలి."

వర్తకుడికి బేరం అర్థమవుతుంది. ఒప్పుకున్నాడు, పైగా తనూ ఉండిపోయాడు. నా మీద నమ్మకంతో కాదు, బేరం తన కళ్లముందే తేలాలని.

మంగళవారం మధ్యాహ్నం అమ్మ ముద్దపప్పు, వంకాయ కూర, చారు వండింది. పాపయ్యమ్మ నిజంగానే మొహమాటపడలేదు. చివర్న పెరుగన్నంలో బెల్లంముక్క అడిగి మరీ నంజుకుంది. కాసేపు కునుకు తీశాక పరీక్షకి మూత్రం తెచ్చింది. ఇద్దరినీ బల్ల పక్కన నిలబెట్టి ల్యాంప్ వెలిగించాను. ద్రావకం నీలంగా మరిగింది. ఆకుపచ్చయింది. అక్కడ ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు. పసుపు దాటి ఇటుక పొడి కలిపినట్టు ఎర్రగా అడుక్కి దిగింది.

"ఉందా?" అంది పాపయ్యమ్మ.

"ఉంది. బోలెడుంది."

ఆవిడ రెండు చేతులూ జోడించి ఎటో దణ్ణం పెట్టింది. "ఉన్నాది! సూసినావా? నాకు జబ్బున్నాది! అబద్ధం కాదు!" అంటూ నవ్వింది, నవ్వుతూనే భోరున ఏడ్చింది. జబ్బుందని తెలిసి అంత సంబరపడిన రోగిని నా యావత్తు ప్రాక్టీసులో మరొకర్ని చూడలేదు. షావుకారు ఆ ట్యూబు వంకే చూస్తూ, "ఏడాదయిందే నువ్వు సెప్పబట్టి" అన్నాడు.

మిగతాది నాకు చేతనైన పని. ఇప్పట్లా మాత్రలు లేవు. ఇన్సులిన్ సముద్రం దాటి రావాలి, ఆ రోజుల్లో ఓడలు మందులకంటే తుపాకులే ఎక్కువ మోసేవి. దొరికిన రెండు సీసాలు పుండు ముదిరిన రోజులకి వాడాను. మొదట్లో మా ఇంట్లోనే ఉంచుకుని రోజూ చీము కడిగి సల్ఫా పొడి వేసి కట్టుకట్టాను. అసలు మందు మాత్రం తిండే. గుడ్లూ మాంసం రసం అనకుండా ఆవిడ వంటింట్లో ఏముందో ఆవిణ్ణే అడిగాను. చోళ్లు, అంటే రాగులు, గంట్లు, అంటే సజ్జలు, పెసలు, ఉలవలు, తోటకూర, పొట్లకాయ. అన్నీ ఉన్నాయి. బెల్లం మానిపించి, అన్నం పిడికెడికి దించి, మిగతాది వాటితో సరిపెట్టాను. దసరా నాటికి పుండు పూడింది. వేలు దక్కింది.

ఆ ట్యూబు సంగతి చెబుదామని పెద్దాసుపత్రికి వెళ్లాను. ఆ చిన్న డాక్టరు గారు, "ఉపవాసమని ఆమె చెప్పలేదే" అన్నారు. "మీరు అడిగారా?" అన్నాను. ఆయన నిజమే అని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు నాకు నచ్చింది. తర్వాత మేమిద్దరం మంచి స్నేహితులమయ్యాం.

ఉపవాసం మానమంటానేమోనని పాపయ్యమ్మకి ఒకటే బెంగ. "మానక్కర్లేదు. ఆ రోజు నా దగ్గరికి మాత్రం రాకండి" అన్నాను. అప్పట్నుంచి సోమవారం ముఖలింగేశ్వరుడికీ, మంగళవారం నాకూ. షావుకారు సరుకు కొనే రోజు మార్చుకున్నాడు.

రోగి మాటకీ పరీక్షకీ పొత్తు కుదరనప్పుడు రోగిని అనుమానించకూడదు, పరీక్ష ఏ వేళ చేశామో చూసుకోవాలి. ఈ కేసు నాకు నేర్పింది అదే. నేను మరిచిపోయినా పాపయ్యమ్మ మరిచిపోలేదు. మంగళవారాల్లో నా వరండాలో కాలు చాపుకుని కూర్చునేది. దాహమనో తిమ్మిరనో ఎవరు మెట్లెక్కినా నాకంటే ముందు తనే ఆపి అడిగేది.

"బోయినమైందేటి నీకు? అవనేదా? మరెందుకొచ్చినావు? లోపలికెల్లి అమ్మగారి సేత రొట్టి పెట్టించుకుని, తినేసి రా."