చెవిటి రాక్షసుడు

పరమేశ్వర్ మితభాషి అని సూరత్ లింబాయత్‌లో ఎవరైనా అన్నారంటే, వాళ్ళు అతన్ని ఆదివారం చూడలేదన్నమాట. సిరిసిల్ల నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళు మరమగ్గాల చప్పుడులో బతికి, చెవులు సగం పోగొట్టుకున్నాడు. నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే మాటలు అందక, ఓ మూల కూర్చుని, అందరూ నవ్వాక తనూ నవ్వేవాడు. కూతురు నవత కాలేజీలో నేర్చుకున్న ఆట తెచ్చాక ఆ తిప్పలు తప్పాయి. అందులో ఒకరు కథ చెప్పాలి, మిగతావాళ్ళు కథలో వీరులై రాక్షసులతో పోరాడాలి. దెబ్బ తగిలిందో లేదో పాచిక తేలుస్తుంది. చెప్పేవాడు పరమేశ్వరే, కాబట్టి కథ అతని చేతిలోనే ఉండేది. వీరులు ఇద్దరు, పక్క మగ్గాల సోమలింగం, దేవదాస్.

ఏడాది కులాసాగా సాగింది. ఒక ఆదివారం దేవదాస్ పాచిక పక్కన పడేశాడు.

"గీ రాక్షసులంత ఒక్కతీర్గనే ఉన్నరన్నా. ఉరికొస్తరు, రెండు దెబ్బలకు సస్తరు. వచ్చే ఐతారం సంది పత్తాలాడుదాం."

పేకాటంటే పరమేశ్వర్‌కి మళ్ళీ ఆ మూల, ఆ ఆలస్యపు నవ్వు.

వారమంతా అదే ధ్యాస. తను చూసే ఎనిమిది మగ్గాలూ ఒకే ఏడాది, ఒకే చోట తయారైనవే. అయినా ఒకటి పొద్దున్నే మొరాయిస్తుంది, ఒకటి నూనెచుక్క పడితేగానీ కదలదు, ఇంకోదానికి తన్ను తప్పదు. మగ్గాలకే ఇన్ని గుణాలుంటే రాక్షసులేం పాపం చేశారు?

ఆదివారం ఆటలోకి ముగ్గురు రాక్షసులు వచ్చారు. ఒకడు నెత్తురు చూసి పారిపోయాడు. ఒకడు ముందు అన్నం పెట్టమన్నాడు, సోమలింగం రొట్టె ఇచ్చి పంపేశాడు. మూడోవాడు చెవిటివాడు.

"చెవిటోడా! ఇంకేంది మల్ల? వాని ముందల్నే మాట్లాడుకుందాం" అని దేవదాస్ సంబరపడ్డాడు. ఎడమనుంచి తను, వెనకనుంచి సోమలింగం కొట్టాలని గట్టిగానే అనుకున్నారు. తీరా కొట్టబోతే రాక్షసుడు సరిగ్గా ఎడమకే తిరిగి గద అడ్డుపెట్టాడు.

"తొండి! వానికెట్ల తెలిసింది?" అని అరిచాడు దేవదాస్.

"మగ్గాల నడుమ మీ మాటలు నాకెట్ల తెలుస్తున్నయిరా? పెదాలు జూసే గదా! వాడు గూడ కార్ఖానాల పనిజేసినోడే" అన్నాడు పరమేశ్వర్.

రోజూ పెదాలు చూసి మాట్లాడుకునే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు సోమలింగం పొట్ట పట్టుకున్నాడు, తర్వాత దేవదాస్ చాప మీద దొర్లాడు.

నవ్వు తగ్గాక పాచిక దేవదాస్ చేతికొచ్చింది. అతను వేయలేదు.

"వీన్ని సంపద్దు. మనోడే" అంటూ ఇంకో గిలాసలో చాయ్ పోసి, చాప మీద ఎవరూ కూర్చోనిచోట, రాక్షసుడి ముందన్నట్టు పెట్టాడు. తర్వాత పెదాలు కనబడేలా పరమేశ్వర్ వైపు పూర్తిగా తిరిగి, నిదానంగా అన్నాడు:

"వచ్చే ఐతారం గూడ వీన్ని తోల్కరా అన్నా. చాయ్‌కి మాత్రం వీని పైసలు నువ్వే ఇయ్యాలె."

ఒక్క మాట కూడా జారిపోలేదు. ఈసారి అందరికంటే ముందు పరమేశ్వరే నవ్వాడు.