తొక్కలో నీళ్ళు

ఎవరికైనా చిరాకేస్తే "తొక్కలో పని" అని తిట్టుకుంటారు. తొక్కల బావకు మాత్రం అది తిట్టు కాదు, ఉద్యోగం. నిజానికి ఆయన షెడ్డు యజమానికి ఒక్కడికే బావ, అక్క మొగుడు కాబట్టి. మిగతా పనివాళ్ళంతా ఆ వరస అరువు తెచ్చుకున్నారు.

ఆ షెడ్డులో కుళాయిలకు నికెల్ పూత పూస్తారు. కడిగిన ఆకుపచ్చ నీళ్ళు తిన్నగా కాలవలోకి పోయేవి. నీళ్ళు బాగుచెయ్యకపోతే షెడ్డుకు తాళం వేస్తామని కాలుష్యం ఆఫీసు చెప్పింది. నారింజ తొక్కలు నికెల్‌ను పట్టేస్తాయని బావ ఎక్కడో చదివి, జ్యూసు కొట్టువాడి చెత్తబుట్ట ఎత్తుకొచ్చాడు. పచ్చి తొక్కలు వేస్తే నీళ్ళు టీ రంగుకు తిరిగాయి.

"ఆఫీసరొస్తే కప్పులో పోసి ఇద్దామా బావా?" అన్నాడు యజమాని బావమరిది.

బావ పట్టు వదల్లేదు. తొక్కల్ని రంగు దిగేదాకా ఉడకబెట్టాడు, కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టాడు, జిగట పోయేదాకా కడిగి ఎండబెట్టాడు. "నా మిక్సీ కూడా తొక్కల పాలేనా?" అని పెళ్ళాం సణుగుతుంటే బరకగా తిప్పి, డ్రమ్ములో దట్టించాడు.

ఆఫీసరు వచ్చాడు. డ్రమ్ము కింద పట్టిన సీసాను వెలుగులో పెట్టి చూశాడు.

"ఇవి కుళాయి నీళ్ళు. నేను తొక్కలో ఆఫీసరులా కనిపిస్తున్నానా?"

"తొక్కలోంచి వచ్చినవే సార్," అన్నాడు బావ వినయంగా.

వెనక ఎవడో నవ్వి, దగ్గుగా మార్చుకున్నాడు. ఆఫీసరు నవ్వలేదు. డ్రమ్ము చుట్టూ తిరిగి గోనె పట్టా ఎత్తాడు. దాని కింద కుళాయి నుంచి డ్రమ్ములోకి రబ్బరు గొట్టం ఉంది.

బావ బావమరిది వైపు చూశాడు. "నా తొక్కల మీద నమ్మకం లేదా?"

"ఉంది బావా. తోడుగా పెట్టాను."

"తాళం తెప్పించండి," అన్నాడు ఆఫీసరు.

తాళం వచ్చేలోగా బావ గొట్టం పీకేసి, డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా వదిలి, ఆకుపచ్చ నీళ్ళు బకెట్టెడు పోశాడు. నీళ్ళు బొట్టుబొట్టుగా దిగాయి, ప్రభుత్వం మంజూరు చేస్తున్నట్టు. ఆఫీసరుకు కుర్చీ వేశారు. చివరికి సీసా నిండింది, తేటగానే.

"కంటికి తేటైతే చాలదు," అని ఆఫీసరు సీలు వేసి పట్టుకుపోయాడు.

కొన్నాళ్ళకు తిరిగొచ్చాడు. "పరీక్షలో నెగ్గాయి. కానీ ఆ నికెల్ ఇప్పుడు తొక్కల్లో ఉంది. చెత్తలో పారేశారో, ఈసారి తాళం ఖాయం."

"ఆసిడ్‌తో కడిగితే మళ్ళీ బయటికొస్తుంది సార్, పారెయ్యం," అన్నాడు బావ.

బావమరిది చెవులు నిక్కించాడు. "మనం అంత డబ్బు పోసి కొనే నికెలే వస్తుందా?"

షెడ్డు కోసం తెప్పించిన తాళం వృథా పోలేదు. ఆ సాయంత్రం బావమరిది తడి తొక్కల బస్తాను డబ్బు దాచే బీరువాలో కుక్కి, ఆ తాళమే వేశాడు. మొదటిసారి "గారు" కూడా తగిలించాడు.

"బావగారూ, వీటిని తొక్కలు అనకండి. ఎవరైనా వింటారు."