మెనూలో ముగ్గురు అన్నదమ్ములు

రేవతికి భయాలెక్కువ. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది గనుక ప్రతి భయానికీ ఒక కారణం కూడా చెప్పగలదు. రెండేళ్ల సన్నీ ప్లగ్గులో వేలు పెడతాడేమో, బఠాణీ గింజ ముక్కులో దూర్చుకుంటాడేమో అని వాణ్ని చంక దించదు. కరీంనగర్‌లో ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు చేస్తుంది. చేసిన ప్రతి సైటునూ మిగిలిన ఆ ఒక్క చేతి బొటనవేలితో తెరిచి చూస్తుంది. తర్వాత కళ్లు మూసుకుని, తెర మీదున్నదాన్ని ఫోను చేత చదివించుకుంటూ వెతుకుతుంది. బిడ్డకు జ్వరమొస్తే తల్లి ఆస్పత్రి నంబరు వెతికేది రెండు చేతులతో కాదు కదా, అంటుంది.

కాన్పు తర్వాత ఆమెకు దొరికిన మొదటి పెద్ద పని చొప్పదండిలోని ఒక టెంట్‌హౌస్‌ది. యజమానులు ముగ్గురన్నదమ్ములు. టెంట్లూ కుర్చీలూ పెద్దవాడు ఎల్లేశం చూస్తాడు, వంట గిన్నెలు నడిపివాడు పరశురాములు, లైట్లూ మైకులూ చిన్నవాడు హనుమండ్లు. సైటు పైభాగాన ఏది ఎక్కడుందో చెప్పే మెనూ ఎలా ఉండాలో వాళ్లే తీర్మానించుకుని వచ్చారు. పెండ్లి పత్రిక మీద పెద్దల పేర్లలాగా, బంగారు చట్రాల్లో ముగ్గురి ఫోటోలు. ఎవరి మొహం మీద నొక్కితే వాళ్ల సామాను.

గిన్నెలు కావాల్సినవాడికి అవి పరశురాములు మొహం వెనకున్నాయని ఎట్లా తెలుస్తుందని రేవతి అడిగింది. చొప్పదండిలో ఎవరికైనా తెలుసన్నాడు ఎల్లేశం.

"గూగుల్‌ది చొప్పదండి కాదు గదన్నా. గిన్నెలు గావాల్సినోడు గిన్నెలని వెతుకుతడు, పరశురాములని వెతుకుతడా?"

కండ్లు కనబడనివాళ్ల కోసం ఫోటో వెనక ఫోను చదివే మాటలుంటాయి, అక్కడైనా సామాను పేర్లు పెడతానని బతిమాలింది. అక్కడ కూడా తమ పేర్లే ఉండాలన్నారు. ఫోటోలు తీసేద్దామంటే ఎవరిది ముందు తీయాలన్న దగ్గరే ముగ్గురికీ పడలేదు. చివరికి వాళ్లు చెప్పినట్టే చేసిపెట్టింది.

సైటు నుంచి ఒక్క ఫోనూ రాలేదు. మాఘం లగ్గాలయ్యేలోగా రాకపోతే మూసేస్తామన్నాడు ఎల్లేశం. ఎవరడిగినా రేవతి పని ఇంతేనని చెబుతామని కూడా అన్నాడు. ఆ మాట చొప్పదండి బస్సెక్కితే కరీంనగర్‌లో దిగకుండా ఉంటుందా! ఆమె భయాలకు ఇంకోటి తోడయింది. ఇది మాత్రం నిజమైనది.

మరోసారి చెప్పి చూద్దామని సన్నీని ఎత్తుకుని వాళ్లింటికి వెళ్లింది. కొడుకులు లేరు. తల్లి లస్మవ్వ మంచం మీద కూర్చుని ఉంది. షుగరుతో ఆమె చూపు మందగించింది. నోటితో చెబితే వెతికి చదివి వినిపించి, నంబరు కలిపే ఫోను ఎప్పుడూ కొంగులోనే ఉంటుంది. సంగతంతా విని, గీ మొఖాల కొట్లాట దినాం ఇంట్ల నడిచేదేనంది. రేవతికి అప్పుడు ఒక కొంటె ఆలోచన వచ్చింది.

"అవ్వా, ఇంట్ల మల్లన్న పట్నాల పండుగ ఉన్నదట గదా. టెంటు, గిన్నెలు గీ ఫోన్‌లనే అడుగు. ఎవలది ముందుగాల దొరికితే వాళ్లకే చెప్పు."

లస్మవ్వకు మిగిలినవి నాలుగు పళ్లు. ఆ నాలుగూ కనబడేలా నవ్వింది.

పట్నాలనాటి ఆదివారం పొద్దున్నే వాకిట్లో కరీంనగర్ వ్యాను ఆగింది. అన్నదమ్ములు ముగ్గురూ పళ్లు తోముకుంటున్నారు. టెంటు సంగతి అవ్వ మిగతా ఇద్దరిలో ఎవరికో చెప్పి ఉంటుందని ఎవరికి వారే అనుకున్నారు. తెలియని మనుషులు ఎర్రటి షామియానా దించారు. వాళ్లలో ఒకడు ఎల్లేశాన్ని జర గుంజ పట్టుకోమన్నాడు. నోట్లో బ్రష్షుతోనే, అలవాటుకొద్దీ పట్టుకున్నాడు ఎల్లేశం. టెంటు మీద వేరేవాళ్ల పేరు చదివాక గానీ వదల్లేదు.

"అవ్వా, మంది టెంటు మన వాకిట్ల ఏంది?"

"ఫోన్‌ల అడిగిన బిడ్డా. దుకాణం పేరు వెట్టి పిలిస్తే గాని మీది దొరకనే లేదు. దొరికినంక ఎల్లేశం అన్నది, పరశురాములు అన్నది, హనుమండ్లు అన్నది. నేను కన్నోళ్ల పేర్లు నాకు తెల్వయా? నాకు గిన్నెలు గావాలె. గీళ్లది గిన్నెలన్నది, నంబర్ చెప్పింది. రమ్మన్న."

ఒగ్గు పూజారులు రంగుల ముగ్గుతో మల్లన్న పట్నం వేస్తున్నంతసేపూ చుట్టాలు ఆ టెంటు పేరు చదువుతూనే ఉన్నారు. మీ టెంట్లు కిరాయికి పోయినయా అని ఓ మేనత్త తీరిగ్గా అడిగింది. భోజనాలు కాకముందే ఎల్లేశం రేవతికి ఫోన్ చేసి, నీ ఇష్టమొచ్చినట్టు రాసుకొమ్మన్నాడు. తమ పేర్లు ఎక్కడికి పోతాయని మాత్రం అడిగాడు. పేజీ అడుగున 'మా గురించి'లో ఉంటాయంది. అక్కడ తన పేరే ముందుండాలని వెనక నుంచి లస్మవ్వ కేకేసింది.

మెనూ ఉత్త అక్షరాల్లోకి దిగింది: టెంట్లు, కుర్చీలు, వంట గిన్నెలు, లైట్లు, మైకులు, ఫోన్ నంబర్. మాఘం ఇంకా అయిపోకముందే ఎల్లేశం మళ్లీ ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం ఉంది, చిన్న నొప్పి కూడా ఉంది.

"జగిత్యాల కెల్లి ఒకాయన చేసిండు చెల్లె. వంటకు పెద్ద గుండిగలు గావాలన్నడు, రేటు మాట్లాడుకున్నడు, పెట్టేసిండు. నేనెవలనో అడగనే లేదు."

"గుండిగలు ఎక్కడ దించాల్నో చెప్పిండా అన్నా?"

"చెప్పిండు."

"మరి ఫికర్ ఏంది?"

ఎల్లేశం అసలు విషయానికి వచ్చాడు. తన బావమరిది విత్తనాల దుకాణానికి కూడా ఒక సైటు చేసిపెట్టాలట. రేవతి సన్నీని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"చేస్తనన్నా. గాయనకు అన్నదమ్ములెంతమంది?"