దండోరా మామయ్య నాలుక

మా పక్కింటి మామయ్య నోట్లో ముద్ద పడితే అది వీధంతటికీ తెలియాల్సిందే. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ఆఖరి సీటుదాకా వినిపించాలని పెంచుకున్న గొంతును ఇప్పుడు ఉప్పూ పులుపూ ప్రకటించడానికి వాడుతున్నాడు. అందుకే ఊరు ఆయనకు దండోరా మామయ్య అని పేరు పెట్టింది.

మా స్నేహితుడు ఊరు చూడ్డానికొస్తే, పిలవకపోయినా మామయ్య మా వెంట బయల్దేరాడు. ముందుగా కొత్త ఫౌంటెన్ చూశాం. శిలాఫలకం మీద పెద్దల పేర్లు ఖాళీ లేకుండా ఉన్నాయి. ఫౌంటెన్‌లో నీళ్లే లేవు.

"ప్రారంభం రోజున వచ్చాయి బాబూ. ట్యాంకరుని వెనకాల దాచారు," అన్నాడు మామయ్య. పక్క బండి దగ్గర నిమ్మరసం తాగి, "చక్కెర తక్కువ" అని అరిచాడు. పావురాలు లేచిపోయాయి.

మ్యూజియంలో రాజుల కత్తులకు అద్దాల గదులున్నాయి, వాటిని కాపలా కాసే మనిషికి కుర్చీ లేదు. మామయ్య అక్కడి కుళాయి నీళ్లు తాగి, "తుప్పు రుచి" అని ప్రకటించాడు.

"ఇక్కడ నిశ్శబ్దంగా ఉండాలండీ," అన్నాడు కాపలా మనిషి.

"నువ్వు తాగేదీ ఈ నీళ్లే కదయ్యా. నువ్వెందుకు నిశ్శబ్దంగా ఉన్నావు?"

భోజనానికి ఎవరూ రాకముందే మమ్మల్ని బస్సు డిపో కాంటీన్‌కి లాక్కెళ్లాడు. మొదటి ముద్ద పెట్టుకోగానే, "కూరలో ఉప్పు చాల్లేదు. పులుపు సరిపోయింది" అని కేక. మావాడు సిగ్గుతో కుంచించుకుపోయి, వంటావిడకు క్షమాపణ చెప్పాలని వంటగదిలోకి నడిచాడు. వెనకే నేనూ వెళ్లాను.

"ఆయన్నేమీ అనకు తమ్ముడూ," అంది ఆవిడ కూరలో ఉప్పు కలుపుతూ. "పోయినేడు జ్వరమొచ్చి నా నాలుకకి రుచి పోయింది. వండేది నేనొక్కదాన్నే. కాంట్రాక్టరుకి తెలిస్తే రేపే ఇంకొకరిని పెట్టేస్తాడు. ఆయనే నా నాలుక."

"మరి ఊరంతా ఎందుకక్కా అరుస్తాడు?" అన్నాడు మావాడు.

"ఇక్కడొక్కచోటే అరిస్తే అనుమానం రాదూ?"

తిరిగొచ్చి మామయ్య పక్కన కూర్చున్నాం. అంతలో కాంట్రాక్టరే వచ్చి పక్క బల్ల దగ్గర చతికిలబడ్డాడు. గ్రైండరు పాడైతే బాగుచేయిస్తాడు, మనిషికి జబ్బు చేస్తే మనిషినే మార్చేస్తాడు. ఆ రకం.

వంటావిడ అప్పుడే దించిన రెండో కూర ముందుగా మామయ్యకు వడ్డించింది. ఆయన రుచి చూసి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. పొద్దుటినుంచీ ఊరి మీద ఖర్చుపెట్టిన గొంతు కాస్తా పూడుకుపోయింది. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నాకు వడ్డించవేం?" అన్నాడు కాంట్రాక్టరు.

మంచినీళ్లు అడగడానికే మొహమాటపడే మావాడు మామయ్య కంచంలోంచి ఇంత కూర తీసి నోట్లో పెట్టుకున్నాడు. లేచి నిలబడి, "ఉప్పు అసలే లేదు. కారం దంచేస్తోంది" అని డిపో దద్దరిల్లేలా అరిచాడు.

కాంట్రాక్టరు మామయ్య వైపు తిరిగాడు. "మీ చుట్టమా?"

మామయ్య తలూపాడు.

"తెలుస్తూనే ఉంది."

ఆవిడ లోపలికెళ్లి సరిచేసి తెచ్చిన కూరను ఆ పెద్దమనిషి మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

సాయంత్రం బస్సెక్కాల్సిన స్నేహితుడు, మామయ్య గొంతు తిరిగొచ్చేదాకా మా ఇంట్లోనే ఉండిపోయాడు. కోట చూడలేదు, చెరువు చూడలేదు, ఇంకా చాలా మిగిలిపోయాయిరా అని నేనంటే వినడే. చెప్పులేసుకుని, "అక్క కూర దించే వేళైంది, కాంటీన్‌కి పద" అంటాడు.