ప్రభుదాస్ మెత్తటి తిండి

మల్కాజ్‌గిరిలో ఉండే ప్రభుదాస్ సికింద్రాబాద్ రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. నూట ముప్పై రెండు కిలోల మనిషి. ఆఫీసులో ఎవరు రిటైరైనా విందు బాధ్యత ఆయనదే. బిర్యానీ గిన్నె మూత తీయకముందే ఉప్పు తగ్గిందని వాసనతో చెప్పేవాడు. మోకాళ్ళు మొరాయించి ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ మెట్లు ఎక్కలేకపోయాక, భార్య డోరా పోరు పడలేక కడుపుకు బ్యాండు వేయించుకున్నాడు. పొట్ట పైభాగాన ఉంగరంలాంటి పట్టీ బిగించారు. దాంతో ఒకసారికి గుప్పెడు తిండి పట్టడమే గగనమైంది.

మొదటి వారాలు గంజిలాంటివీ, మిక్సీ పట్టినవీ మింగి బతికాడు. తర్వాత ఒకరోజు డైటీషియన్ నవత ఫోన్ చేసింది.

"అంకుల్, ఇగ సాఫ్ట్ ఫుడ్ షురూ చేయొచ్చు. మెత్తగున్నయే తినండి. ఇరవైసార్లు నమలాలె. తినేటప్పుడు నీళ్ళు వద్దు. బ్రెడ్డు గిట్ల..."

"థ్యాంక్సమ్మా!" అని ప్రభుదాస్ ఫోన్ పెట్టేశాడు. ఆయనకు కావలసిన మాట దొరికిపోయింది. మెత్తగా!

ఆ రోజు నుంచి కనపడినదాన్నల్లా వేలితో నొక్కి చూడసాగాడు. గులాబ్‌జామ్ నొక్కాడు, మెత్తగా ఉంది. హల్వా నొక్కాడు, అదీ పాసైంది.

ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన డోరా ఊరుకుంటుందా? "ఏవండీ, ఆ లెక్కన దిండూ మెత్తగానే ఉంటుంది. కారం చల్లి పెట్టమంటారా?"

ఆదివారం డోరా పాటల ప్రాక్టీసుకని ముందే చర్చికి వెళ్ళింది. వెనకాల బయలుదేరిన ప్రభుదాస్ కాళ్ళు వాటంతటవే ఇరానీ హోటల్లోకి తిరిగాయి. మస్కా, అంటే వెన్న, దట్టంగా రాసిన బన్ను వచ్చింది. నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి లేచింది. ఇంతకంటే మెత్తటిది లోకంలో ఉంటుందా? మూడు ముక్కలు కొరికేసరికి చర్చి గంట వినపడింది. నాలుగో ముక్కను నమలకుండా మింగి పరుగెత్తాడు.

అది బ్యాండు దగ్గర ఆగిపోయింది.

ప్రభుదాస్ చర్చిలో అడుగుపెట్టగానే పాస్టర్ రిచర్డ్ మైకు అందుకుని, "మన బ్రదర్ ప్రభుదాస్ ఆపరేషన్ నుంచి క్షేమంగా వచ్చారు. ఇప్పుడు దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతారు" అన్నాడు.

ప్రభుదాస్ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. నోటినిండా లాలాజలం ఊరింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. గుండెల మీద చెయ్యి వేసుకుని "ఊ... ఊ..." అన్నాడు.

"చూడండి! కృతజ్ఞతతో మాటే రావడం లేదు" అన్నాడు పాస్టర్ గద్గదంగా. ముందు వరుస ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. జనం "ఆమేన్" అనగానే ప్రభుదాస్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి ఉరికాడు. కొళాయి దగ్గర బన్ను బయటపడింది.

వెనకే వచ్చిన డోరా వీపు నిమిరి, "ఏం తిన్నారు?" అంది.

"మెత్తటిదే..."

"ఏది?"

"బన్ను."

డోరా కోప్పడదామనుకుంది. నవ్వాగక మెట్టు మీద కూలబడింది.

మర్నాడు మొగుడూ పెళ్ళాలిద్దరూ నవతకు ఫోన్ చేసి, ఆమె చెప్పేది చివరిదాకా విన్నారు. బన్నూ బ్రెడ్డూ ముద్దగా మారి అడ్డం పడతాయి. గులాబ్‌జామ్‌లు సులువుగా జారిపోతాయి, ఒంట్లో చక్కెర నింపి బ్యాండు వేసిన ఫలితమే లేకుండా చేస్తాయి. మెత్తగా ఉంటే చాలదు, ఒంటికి బలం ఇవ్వాలి. గుడ్డు, పప్పు, పెరుగు, ముళ్ళు తీసిన చేప ముందు తినాలి.

కింద వాటాలోని అనసూయమ్మకు ఎనభై రెండేళ్ళు, నోట్లో ఒక్క పన్ను లేదు. సంగతి తెలిసి ఆమె కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"నన్నడుగవైతివేంది బిడ్డా! పదేండ్లసంది గదే పని నాది."

సొరకాయ వేసి పలుకు లేకుండా ఉడికించిన పెసరపప్పు తెచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గిన్నెల్లోంచి తినడం మొదలుపెట్టారు. ప్రభుదాస్ పద్దెనిమిది, పందొమ్మిది అని లెక్కపెట్టుకుంటూ నములుతుంటే ఆమె గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

"పండ్లున్నోనివి, నాకన్న లేటేందయ్యా?"

అలా ఆ ఇంట్లో భోజనానికి అరగంట పట్టసాగింది. రెండో నెలలో ఒక మధ్యాహ్నం డోరా కొరమీను ఉడికించి, ముళ్ళు ఏరి, మెత్తగా మెదిపి పెట్టింది. ఆరు చెంచాలయ్యాక ప్రభుదాస్ ఆగాడు. పొట్ట తడుముకున్నాడు. నమ్మకం కుదరక మరోసారి తడుముకున్నాడు.

"డోరా, చాలు."

యాభై నాలుగేళ్ళ జీవితంలో ఆయన కంచంలో తిండి మిగల్చడం అదే మొదటిసారి. డోరా ఆ కంచాన్ని ఫోటో తీసి బంధువులందరికీ పంపించింది.