పేరు కొట్టించిన బ్లేడు

మొన్న కొంపల్లిలో మా చిన్నబ్బాయి ఇంటికి ఒక అట్టపెట్టె వచ్చింది. ఇంటి ముందు చాపంత జాగాలో గడ్డి పెంచుకుంటున్నారు, దాన్ని కోసే మిషనుకు కొత్త బ్లేడు ఫోనులో తెప్పించుకున్నారట. పెట్టె మీది మెరిసే స్టిక్కరు చూపించి "ఒరిజినలే అవ్వా, నువ్వు పరేషాన్ గాకు" అని మనవరాలు ముందే అనేసింది, నా సంగతి దానికి తెలుసు. నేను ఒక మేకు తెమ్మన్నాను. మెరిసేదాన్ని మొదటి చూపులోనే నమ్మి మోసపోయినవాళ్లను నా ఈడు వాళ్లందరం చూసే ఉంటాం.

ఆ మేకు చేతికి రాగానే శామీర్‌పేట గుర్తుకొచ్చింది.

తొంభైల చివర్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ద్రాక్షతోటలు ఒక్కొక్కటే తీసేసి ఫారంహౌసులు కడుతున్నారు. అప్పటిదాకా ద్రాక్ష తీగలకు కత్తెర వేసిన మా ఇంటాయన చేతికి అట్లా గడ్డి కోసే మిషను వచ్చింది. ఆ ఫారంహౌసు సొంతదారు సారు కోస్తా వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డవారు, ఆదివారాలు కుటుంబంతో వచ్చి సాయంత్రం దాకా ఉండేవారు. గేటు పక్క గది మాకిచ్చారు. మా కాపురం, పిల్లల బడి, నా రెండు బర్రెలు అన్నీ ఆ గదిని పట్టుకునే ఉండేవి.

ఆ ఏడు వానలు బాగానే పడ్డా గడ్డి మాత్రం పచ్చబడలేదు. కోసిన మర్నాటికల్లా కొనలన్నీ కమిలినట్టు పసుపు తిరిగేవి. దసరా వెళ్లాక ఆ గడ్డి మీదే సారు కూతురి నిశ్చితార్థం పెట్టుకున్నారు. సారు కోప్పడే మనిషి కాదు, మెల్లగానే, అప్పటికి పచ్చబడకపోతే వేరే మనిషిని చూసుకోవలసి వస్తుందని చెప్పి కారెక్కారు. కోపంగా అన్న మాటైతే చల్లారుతుంది, మెల్లగా అన్నది చల్లారదు. మా ఇంటాయన నీళ్లు ఎక్కువ పెడదామన్నాడు. నేను మొదట ఎరువు అమ్మినవాణ్ని అనుమానించాను, తర్వాత బోరు నీళ్లను అనుమానించాను, చివరికి ఒక గడ్డి పోచ తెంపి ఎండలో పట్టి చూశాను. దాని కొన తెగలేదు, దారాలు దారాలుగా చీలింది. మొద్దు కత్తిపీట మీద తోటకూర తరిగితే ఆకు నలిగి నల్లబడుతుంది చూడండి, అచ్చం అట్లాగే. బడికి రెండో తరగతితోనే దండం పెట్టినదాన్నే అయినా కత్తిపీట భాష నాకు తెలుసు.

కానీ బ్లేడు కొత్తదాయె. సారు బావమరిది గాజులరామారంలో ఉండేవాడు, ఫారానికి కావలసిన సామానంతా అతనే రాణీగంజ్ దుకాణాల్లో కొనుక్కొచ్చేవాడు. కొత్త బ్లేడు ఇచ్చి, అరిగినదాన్ని పాత ఇనుము కింద వేసేస్తానని పట్టుకుపోయేవాడు. మాట తీపి మనిషి. "అక్కా, నీ చేతి టీ తాగకుండా నేను గేటు దాటను" అనేవాడు. చక్కెర పొదుపుగా వేసే నా చాయను మెచ్చుకున్న మనిషి మీద నాకు నమ్మకం కుదరదు. అయినా అప్పటికి నా అనుమానం అతని మీద లేదు, దూలపల్లి మెకానిక్కు మీద ఉంది. మిషను రిపేరుకు పోయినప్పుడల్లా మంచి బ్లేడు తీసుకుని మొద్దుది బిగించి పంపుతున్నాడని నా లెక్క.

పెళ్లికో బోనాలకో పదిళ్ల గిన్నెలు ఒకచోట కలిసినప్పుడు ఎవరివి వాళ్లకు చేరాలంటే అడుగున పేరు ఉండాలని మనం గిన్నెల మీద పేర్లు కొట్టించేవాళ్లం కదా, అట్లా ఉలి, సుత్తి పట్టుకుని పేర్లు కొట్టేవాడు మా గేటు ముందు నుంచి పోతుంటే ఆపి, మిషను బ్లేడు ముందు పెట్టాను. సాన పట్టినా అరగని చోట, బోల్టు బిగించే నడుమ భాగంలో, నా పేరు కొట్టమన్నాను.

"బిందెల మీద గొట్టిన, గంగాళాల మీద గొట్టిన, గడ్డి గోసే కత్తికి పేరేందక్కా" అని నవ్వాడు. ఇగ మా ఇంటాయన ఊరుకుంటాడా. "నా వీపు మీద గూడ గొట్టియ్యి, యాడన్న మారిపోత" అన్నాడు.

మెకానిక్కు దగ్గరికి పోయిన బ్లేడు నా పేరుతోనే తిరిగొచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. ఆ మెకానిక్కు మంచివాడని నేను అప్పుడూ అనలేదు, దొరకలేదనే అనుకున్నాను. ఇంతలో సారు బావమరిది వచ్చి, నిశ్చితార్థం దగ్గర పడుతోందని మరో కొత్త బ్లేడు ఇచ్చి, నా పేరున్నదాన్ని పట్టుకుపోయాడు. ఆ కొత్తదీ నాలుగు రోజుల్లో మొద్దుబారింది. మూడోది తెచ్చాడు. నల్లరంగు మీద ఈగ వాలినా జారేంత నున్నగా ఉంది. మేకుతో నడుమ గీకాను. రంగు పొర లేచింది, దాని కింద చుక్కలు చుక్కలుగా నా పేరు బయటపడింది.

ఇంటావిడ తమ్ముణ్ని దొంగ అంటే ఆ గదిలో మాకు మర్నాడు పొద్దు పొడవదు, ఊరుకుంటే గడ్డి పచ్చబడదు. మా ఇంటాయన వద్దు వద్దంటూనే ఉన్నాడు. ఆదివారం అందరూ అరుగు మీద కూర్చుని టీ తాగుతుంటే బ్లేడు తెచ్చి సారు ముందు పెట్టాను.

"సారూ, సదువుకోనోళ్లం, ఒక్కటడుగుత. రాణీగంజ్ దుకాణపోళ్లు కొత్త బ్లేడు మీద నా పేరు గొట్టి అమ్ముతున్నరా?"

సారు కళ్లజోడు పైకి నెట్టి ఆ చుక్కలను బొటనవేలితో తడిమారు. బావమరిది గ్లాసు మూతి దాకా పోయి ఆగింది. "బావా, ఆ షాపువాడే..." అని అతను మొదలుపెట్టాడు.

"టీ తాగేసి బయల్దేరు" అన్నారు సారు.

తర్వాతి వారం సారు మా ఇద్దరినీ కారులో రాణీగంజ్ తీసుకుపోయారు. నేను బ్లేడు నడిమి రంధ్రంలో మేకు దూర్చి వేలాడదీసి, ఒక కొస కిందికి వాలిందల్లా పక్కన పడేయించాను. అట్లా వాలేది మిషనును వణికిస్తుంది, గడ్డిని ఎగుడుదిగుడుగా కొరుకుతుంది. వేలితో మీటితే గంటలా మోగినదాన్నే తీసుకున్నాం. కోత అయిన ప్రతిసారీ మా ఇంటాయన ముందు మిషను ప్లగ్గు వైరు పీకేవాడు, అంటుకున్న గడ్డి గీకి తుడిచి నూనె గుడ్డ రుద్దేవాడు, రెండు కొసలకూ ఆకురాయి సమానంగా పట్టి, మళ్లీ మేకుకు వేలాడదీసి తూకం చూసేవాడు. నిశ్చితార్థం నాటికి గడ్డి చిలకరెక్కలా ఉంది, మా గది మాకు మిగిలింది. సారు భార్య మాత్రం ఆ రోజు నుంచి స్టోరు గదికి నా కళ్లెదుటే తాళం వేసి, లాగి చూసుకుని మరీ పోయేది. నేనేమీ అనుకోలేదు. ఆమె జాగాలో నేనున్నా అదే చేసేదాన్ని.

ఇప్పుడు మా ఇంటాయనా లేడు, ఆ ఫారంహౌసూ లేదు, దాని జాగాలో అపార్టుమెంట్లు లేచాయి. మొన్నటి బ్లేడును ఎంత గీకినా రంగు కింద మంచి ఉక్కే కనబడింది, నాకు కొంచెం వెలితిగానే అనిపించింది. మోసమే ఉంటే మాత్రం ఎవరి ముందు పెట్టి అడుగుతాను? అమ్మినవాడికి ముఖం లేదు, తెచ్చినవాడు గేటు దగ్గరే పెట్టి పోయాడు. నా కాలంలో అనుమానపడటానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు, కూర్చోబెట్టి చాయ పోసి మరీ అనుమానించేవాళ్లం. పేర్లు కొట్టేవాళ్లూ ఇప్పుడు తిరగడం లేదు. అందుకే ఆ మేకుతోనే బ్లేడు నడుమ నా పేరులో మొదటి అక్షరం గీసి మనవరాలికి ఇచ్చాను. గీస్తున్నంతసేపూ, "నా వీపు మీద గూడ గొట్టియ్యి" అనే మాట కోసం వెనక్కి చూడబోయి, చూడకుండానే ఊరుకున్నాను.